కాకినాడ నుంచి మద్రాసుకి సరుకు పడవలు నిజంగా వెళ్ళేవా? వెళ్ళేవి, ఎలా వెళ్ళేవంటే

మీ ముత్తాతగారు కాకినాడ నుంచి మద్రాసుకి పడవ మీద బియ్యం తోలేవారని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. సముద్రంలోకి దిగకుండా పడవ అంత దూరం ఎలా వెళ్తుంది, ఎన్నాళ్ళు పడుతుంది, రైలు రాగానే ఆ వ్యాపారం పోయిందా అని అడిగారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా డెల్టా కాలువల మీద, లాకుల మీదే గడిచింది. ఒకప్పుడు ఆ కాలువల్లో తాడు లాగినవాళ్ళు, చుక్కాని పట్టినవాళ్ళు ముసలితనంలో గట్టు మీద కూర్చుని చెప్పగా విన్నదీ, నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పడవలు వెళ్ళేవి. రైలు వచ్చాక కూడా అరవై ఏళ్ళకి పైగా నడిచాయి. రైలే పడవని చంపిందని అందరూ అనేస్తారు కానీ నేను ఒప్పుకోను. పడవని చంపింది పూడిక. లోతు తగ్గిపోతున్నా పట్టించుకోకపోవడం.

దారి ఇదీ. కాకినాడ కాలువ మీద ధవళేశ్వరం వరకు 50 కిలోమీటర్లు. అక్కడ లాకు (పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తే, దించే తలుపుల తొట్టి) దాటి, ఆనకట్టకి ఎగువన నిండుగా నిలిచే గోదావరిలోకి వచ్చి, అడ్డంగా దాటి, అవతల విజ్జేశ్వరం లాకులో దూరాలి. అక్కణ్ణించి ఏలూరు కాలువ. నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా విజయవాడకి 139 కిలోమీటర్లు. మళ్ళీ ఆనకట్టకి ఎగువనే కృష్ణ దాటి సీతానగరం వైపు లాకులోకి వెళ్తే కొమ్మమూరు కాలువ. దుగ్గిరాల మీదుగా పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర మంచినీళ్ళు అయిపోయి బకింగ్‌హామ్ కాలువ ఉప్పునీళ్ళు మొదలవుతాయి. అక్కణ్ణించి ఒంగోలు, నెల్లూరు తీరాల వెంబడి కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, ఎన్నూరు దాటి మద్రాసు వరకు 316 కిలోమీటర్లు. అంతా కలిపితే 618. మనుషులు తాడు కట్టి లాగే పడవకి రోజుకి పాతిక కిలోమీటర్లు మంచి నడక కిందే లెక్క. అంటే దాదాపు పాతిక రోజుల ప్రయాణం, గాలి కలిసొస్తే ఇంకాస్త తక్కువ.

మొత్తం దారి ఒక్కసారిగా తవ్వింది కాదు. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో కొక్రేన్ అనే దొర తవ్వించిన చిన్న కాలువే బకింగ్‌హామ్‌కి మొదలు. తరవాత అది ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగింది. 1876-78 ధాత కరువులో పనికోసం వచ్చిన జనంతో మద్రాసు నగరం లోపల కూవం నుంచి అడయారు దాకా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు కాలువంతటికీ స్థిరపడింది. మన వైపు కాలువల చరిత్ర వేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, ఆ వెంటనే 1855కల్లా కృష్ణ ఆనకట్ట. ఆర్థర్ కాటన్‌ని పంటనీళ్ళ కోసం తలుచుకుంటాం, అది న్యాయమే. అయితే ఆయన తన కాలువల్ని పొలానికి నీరు పారే దారిగానూ సరుకు పోయే దారిగానూ ఒకేసారి ఊహించాడు. రైలు కంటే నీటిదారే ఈ దేశానికి చవకని జీవితాంతం వాదించాడు. బేరారు (ఇప్పటి మహారాష్ట్రలో విదర్భ వైపు) పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలన్న పథకం కూడా ఆ ఆలోచనలోంచి వచ్చిందే. దానికోసం భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టి, 1871లో పనులు ఆపేశారు. ఆ ఆనకట్ట ఇప్పటికీ ఉంది.

ఇక పడవ సంగతి. ఇది బాగా అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

డెల్టా కాలువల సరుకు పడవ అడుగు చదునుగా ఉంటుంది. సముద్రపు నావకున్నట్టు కిందికి పొడుచుకొచ్చిన అడుగు దూలం ఉండదు. టేకు పలకలు, సందుల్లో నార కుక్కి, గుగ్గిలం, నూనె, తారు పూత. ముందు వెనకల చిన్న తట్టు, నడుమంతా సరుకు గుంట, పైన తాటాకు కప్పు. ధాన్యం వేసేముందు అడుగున గడ్డి, చాపలు పరవాలి. ఎంత మంచి పడవైనా కాస్త నీరు ఊరుతుంది, తెల్లారి లేవగానే మొదటి పని ఆ నీళ్ళు తోడెయ్యడమే.

పదిహేను మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న పడవ అనుకోండి. కొనలు సన్నబడతాయి కాబట్టి నీటి మీద అది ఆక్రమించే చోటు సుమారు 36 చదరపు మీటర్లు. ఒక టన్ను బరువు ఎక్కిస్తే ఒక ఘనపు మీటరు నీరు పక్కకి జరగాలి. అంటే టన్నుకి మూడు సెంటీమీటర్ల కంటే కొంచెం తక్కువ కిందికి దిగుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు రెండు వందలు ఎక్కిస్తే పదిహేను టన్నులు, పడవ 42 సెంటీమీటర్లు దిగుతుంది. ఎద్దుబండికి పది, పన్నెండు బస్తాలు మించి వెయ్యలేం. అంటే పదహారు నుంచి ఇరవై బళ్ళ సరుకు ఒక్క పడవలో, నలుగురు మనుషులతో.

ఇప్పుడు కాలువలో అర అడుగు పూడిక పడిందనుకోండి. పడవ 15 సెంటీమీటర్లు పైకి తేలి వెళ్ళాలి. అంటే ఐదు టన్నులకి పైగా దింపెయ్యాలి, మూడో వంతు సరుకు పోయినట్టే. కూలి తగ్గదు, రోజులు తగ్గవు, లాకుల దగ్గర ఎదురుచూపు తగ్గదు. అర అడుగు మట్టి పొలానికి వెళ్ళే నీటిని పెద్దగా ఆపదు, అందుకే రైతు ఫిర్యాదు చెయ్యడు. పడవవాడి బతుకు మాత్రం అక్కడే విరిగిపోతుంది. నేను ముందు చెప్పిన మాటకి ఆధారం ఈ లెక్కే.

పడవ కదిలే తీరు మూడు రకాలు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప. లోతు తక్కువ చోట, లాకుల ముందు, రేవుల్లో గెడ వెయ్యడం. మిగిలిన సమయమంతా గట్టు మీద మనుషులు తాడు లాగడం. తాడుని పడవ ముక్కుకి కట్టరు. స్తంభం పైకి కట్టి అక్కణ్ణించి గట్టుకి తీస్తారు. అలా అయితేనే తాడు పొదలకీ, ఎదురొచ్చే పడవల కప్పులకీ తగలకుండా పైనుంచి పోతుంది. కొబ్బరిపీచు తాడు వాడేవారు. తేలిక, నీళ్ళలో పడినా తేలుతుంది. లాగేవాడు ఛాతీకి అడ్డంగా పట్టీ వేసుకుని ముందుకి వాలి నడుస్తాడు. పదిహేను టన్నుల పడవని మొదట కదిలించడానికి తాడు లాగే ముగ్గురూ చచ్చేంత బలం పెట్టాలి. ఒకసారి కదిలాక మాత్రం ఆశ్చర్యంగా తేలికవుతుంది, నడక వేగంలో తనంత తనే వస్తున్నట్టు వస్తుంది. అందుకే పడవవాళ్ళకి ఆగడమంటే మంట. రెండు పడవలు ఎదురుపడితే సాధారణంగా వాలు మీద దిగే పడవే తాడు వదులు చేసి నీళ్ళలో ముంచుతుంది, ఎదురెక్కే పడవ దాని మీదుగా వెళ్ళిపోతుంది. ఎదురెక్కేవాణ్ణి ఆపితే మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో అందరికీ అనుభవమే కనక ఈ మర్యాద నిలిచింది.

ఈ దారిలో వాలూ ఎదురూ ఎలా వస్తాయో చూడండి. విజ్జేశ్వరం నుంచి ఏలూరు వరకు గోదావరి నీళ్ళు పడవ వెంట వస్తాయి. విజయవాడ నుంచి వచ్చే కృష్ణ నీళ్ళు కూడా ఏలూరు వైపే పారతాయి. కాబట్టి ఏలూరు దాకా సుఖంగా దిగిన పడవ, ఏలూరు నుంచి విజయవాడకి ఎదురెక్కాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. సగం సుఖం, సగం కష్టం. కాలువ కొత్తగా వదిలిన జూన్, జులైల్లో ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు ఈ ఎదురెక్కడం నరకమని చెప్పేవారు.

లాకు గురించి పిల్లలకి చెప్పినట్టు చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు లాకు అంటే నీళ్ళు వదిలే గేటు అనుకునేవాళ్ళే ఎక్కువ. రెండు జతల తలుపుల మధ్య ఒక పొడవాటి తొట్టి. ఎగువ తలుపులు తెరిచి పడవని లోపలికి తీసుకుంటారు, తలుపులు మూసేస్తారు. దిగువ తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తుతారు. తొట్టిలో నీరు మెల్లగా దిగుతుంది, దాంతో పాటు పడవా దిగుతుంది. నీళ్ళు రెండు పక్కలా సమానమయ్యాక దిగువ తలుపుల్ని మనుషులే తోసి తెరుస్తారు. ఒక్క వేలు నీటి తేడా ఉన్నా ఆ తలుపు కదలదు. తలుపులు రెండూ ఎగువ వైపుకి కోణంగా కలుస్తాయి, నీటి ఒత్తిడే వాటిని గట్టిగా మూసి ఉంచుతుంది. గొలుసు, దూలం, షట్టరు తప్ప యంత్రం లేదు. దాన్ని నడిపే లస్కరుకి చదువు లేకపోయినా నీటి చప్పుడు విని ఎంత తేడా ఉందో చెప్పగలిగేవాడు. అలాంటి లస్కర్లతో పనిచేశాను, వాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

లాకులు నీళ్ళు వృథా చేస్తాయని మా శాఖలోనే వాదన ఉండేది. తొట్టి 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, నీటి తేడా 2 మీటర్లు అనుకుంటే ఒక్కసారి పడవ దాటడానికి 360 ఘనపు మీటర్లు దిగువకి పోతాయి. ఎకరం మీద పరిస్తే తొమ్మిది సెంటీమీటర్ల లోతు, కాస్త పెద్ద లెక్కే. కానీ ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? దిగువ కాలువలోకే, అక్కడి పొలాలకే. చివరి లాకుల దగ్గర, ఉప్పునీటిలోకి దిగే చోట మాత్రమే అది నిజమైన నష్టం. ఈ తేడా చూడకుండా లాకులన్నిటినీ ఒకే గాటన కట్టి దండగ అనడం అన్యాయం.

ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా నీళ్ళుండవు. పడవ బురదలో కూర్చుంటుంది. అదే దాని వైద్యానికి సమయం. పక్కకి ఒరగదీసి అడుగు గీకి, కుళ్ళిన పలక మార్చి, నార కొత్తగా కుక్కి, పూత వేసేవారు. తాళ్ళరేవు, కోరంగి వైపు వడ్రంగులకి పెద్ద పడవలు కట్టే విద్య తరతరాలుగా ఉంది. వాళ్ళ చేతి పడవకి బేరంలో రెండో మాట ఉండేది కాదట. కూలీలకి మాత్రం ఆ రెండు నెలలు ఆకలి నెలలే. చాలామంది షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, తరవాతి ఏడాదంతా ఆ అప్పుకి తాడు లాగేవారు. పడవ బతుకు అందమైన పాటలతో, వెన్నెలతో గడిచిందని ఇప్పుడు రాసేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు. అరికాళ్ళు పగిలి, భుజం మీద పట్టీ రాసుకుని కాయ కాసిన మనుషుల్ని నేను చూశాను.

పెదగంజాం దాటాక ప్రపంచం మారిపోతుంది. బకింగ్‌హామ్ కాలువకి ఆనకట్ట నీళ్ళు లేవు. సముద్రపు పోటు, ఏరు సముద్రంలో కలిసే మొగల్లోంచి లోపలికి వచ్చి కాలువ నింపాలి. అందుకని అక్కడ పడవవాడు తిథులు లెక్కపెట్టేవాడు. అమావాస్య, పున్నాలకి పోటు ఎక్కువ, నిండు సరుకుతో వెళ్ళొచ్చు. అష్టమి ప్రాంతంలో పోటు బలహీనం, లోతు లేని చోట పడవ నేలకి ఆనితే మళ్ళీ పోటు దాకా కూర్చోవాలి. ఎండాకాలంలో ఏటి మొగలు ఇసుకతో మూసుకుపోతే పోటు కూడా రాదు. పెన్న, స్వర్ణముఖి, గుండ్లకమ్మ లాంటి నదులు అడ్డొచ్చే చోట్ల వరద నీరు, ఇసుక కాలువలోకి రాకుండా లాకులు కట్టారు.

ఆ కాలువ సరుకే వేరు. చినగంజాం, కనుపర్తి వైపు ఉప్పు. నెల్లూరు బియ్యం. సరుగుడు కట్టెలు, బొగ్గు. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి ఈ కాలువ మీదే వెళ్ళేవి. పులికాట్ గుల్ల సున్నం బట్టీలకి వెళ్ళేది. మన వైపు కాలువల్లో ధాన్యం, కోనసీమ కొబ్బరి, అరటి గెలలు, లంక పొగాకు, దుగ్గిరాల పసుపు, పెంకులు, వెదురు, కిరసనాయిలు డబ్బాలు. ఒక్కటి గమనించండి. ఇవన్నీ తొందరలేని సరుకులు లేదా బరువెక్కువ, విలువ తక్కువ సరుకులు. అరటి గెలలు మాత్రం దగ్గర ఊళ్ళకే.

మీ పెరట్లో పాత పడవ పలక ఒకటి మిగిలి ఉందని రాశారు కదా, దాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఉప్పునీటిలో చెక్కని తొలిచే పురుగు ఒకటుంది, నిజానికి అది ఆల్చిప్ప జాతి. పలక పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పెన్సిలు మందాన సొరంగాలు, వాటి గోడలకి తెల్లటి సున్నపు పూత. ఆ పూత కనిపిస్తే పడవ ఉప్పునీటిలో గట్టిగా తిరిగినట్టే, పెదగంజాం దాటి దక్షిణానికి వెళ్ళిందనడానికి అది బలమైన గుర్తు. కాకినాడ రేవు ఉప్పుటేరులో ఎక్కువ కాలం ఉన్నా అదే గుర్తు పడవచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి. సన్నటి బెజ్జాలు, పొడి మాత్రమే ఉంటే అది నేల మీద పట్టిన పురుగు. ఆ ఉప్పునీటి పురుగు మంచినీళ్ళలో బతకలేదు. మద్రాసు వెళ్ళొచ్చిన పడవ కొమ్మమూరు మంచినీటిలో కొన్నాళ్ళు నానితే ఆ తెగులు చచ్చేది. పూర్తిగా ఉప్పు కాలువలోనే బతికిన పడవలకి ఆ సుఖం లేదు. ఉప్పు మోసే పడవల్లో ఇంకో విచిత్రం. ఉప్పు చెక్కని కుళ్ళనివ్వదు, ఇనప మేకుల్ని మాత్రం తినేస్తుంది.

రైలు సంగతికి వస్తాను. విజయవాడ నుంచి మద్రాసుకి రైలు దారి 1899కి కలిసింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరిచారు. దూరప్రయాణికులు, ఖరీదైన సరుకులు వెంటనే రైలుకి మారిపోయిన మాట నిజం. మీ ముత్తాతగారు బియ్యం మద్రాసు దాకా తీసుకెళ్ళింది ఏ కాలంలోనో తెలిస్తే చెప్పండి, 1900కి ముందైతే అది మామూలు వ్యాపారం, తరవాతైతే కిరాయి బాగా చవగ్గా కుదిరి ఉండాలి. కానీ రైలు స్టేషన్ల దగ్గరే ఆగుతుంది. డెల్టాలో కాలువ ప్రతి ఊరి గుమ్మం ముందు నుంచీ పోతుంది. గోదావరి జిల్లాల్లో పాత రైసు మిల్లులు కాలువ గట్టు మీదే ఎందుకున్నాయో, వెనక వైపు నీళ్ళలోకి మెట్లెందుకున్నాయో ఎప్పుడైనా గమనించారా? ధాన్యం పడవలో వచ్చి, బియ్యం పడవలో స్టేషనుకి వెళ్ళేది. రైలు కొన్నేళ్ళు పడవకి పని తెచ్చిపెట్టింది కూడా.

అసలు దెబ్బలు స్వాతంత్ర్యం తరవాత పడ్డాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు వచ్చింది. 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. అంతవరకు లారీకి గోదావరి పెద్ద అడ్డు, ఆ అడ్డు పోయింది. 1965, 1966 తుపానులు బకింగ్‌హామ్ కాలువ గట్లని, లాకుల్ని దెబ్బతీశాయి, వాటిని మళ్ళీ సరిగ్గా నిలబెట్టలేదు. డెల్టాలో రెండో పంట పెరిగాక కాలువల్ని పొలం నీటి కోసం మాత్రమే నడపడం అలవాటైంది. పూడిక తీత వాయిదా పడింది. గుర్రపుడెక్క కమ్మింది. తాడు లాగే గట్టు ఆక్రమణల పాలైంది. చివరి మేకు వంతెనలు. పాత వంతెనల కింద పడవ పట్టే ఎత్తు, పక్కన మనుషులు నడిచే దారి ఉండేవి. కొత్తగా వేసిన చిన్న వంతెనలు నీటి మట్టానికి చేతికందే ఎత్తులో వేశారు. ఒక్క పొట్టి వంతెన చాలు, మొత్తం దారి మూసుకుపోవడానికి. ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఎవరూ "పడవల్ని ఆపుదాం" అని నిర్ణయించకుండానే జరిగాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఆ పడవలు ఏమయ్యాయి? కొన్ని రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో ఇసుక పడవలుగా మారి, తెరచాప బదులు డీజిల్ ఇంజను పెట్టుకున్నాయి. చాలా వాటి టేకు పలకలు పశువుల పాకలకి దూలాలయ్యాయి, ఇళ్ళకి తలుపులయ్యాయి. సరుకు, మనుషులు, బళ్ళు ఎక్కించుకుని ఏరు దాటే పంటుని ఇవాళ్టికీ నరసాపురం, సఖినేటిపల్లి మధ్య చూడొచ్చు. పాత లాకులు చూడాలంటే విజ్జేశ్వరం, దుగ్గిరాల వెళ్ళండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా ఉంది. 1890 నాటి మద్రాసు కాలువల, రేవుల చట్టం కింద పడవలకి లైసెన్సు ఉండేది. ఇంట్లో పాత ట్రంకు పెట్టెల్లో అలాంటి కాగితం దొరికితే చించకండి.

మళ్ళీ నడపొచ్చా అని కూడా అడిగారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్నీ గోదావరి, కృష్ణల భాగాల్నీ కలిపి 1078 కిలోమీటర్ల దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో కృష్ణ మీద ముక్త్యాల, విజయవాడ మధ్య మొదటి దశకి శంకుస్థాపన జరిగింది. నది మీద పని సాధ్యమే. కాలువల మీద మాత్రం, ముఖ్యంగా ఏలూరు కాలువ మీద, నేను ఒకేసారి ఆశ పెట్టుకోను. మద్రాసు నగరంలో అయితే కాలువ మధ్యలోనే ఎమ్మార్టీఎస్ అనే నగర రైలు దారి స్తంభాలు దిగాయి, అక్కడ పెద్ద పడవ ఆలోచన మానుకోవాలి. నన్నడిగితే ముందు కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు పట్టుకోవాలి. ఒక కొసన రేవు, రెండో కొసన గోదావరి, నడుమ మిల్లులు. ఏయే వంతెనలు లేపాలో, ఎక్కడ ఎంత పూడిక ఉందో కొలిచి కాగితం మీద పెట్టాలి. ఆ కొలతలు లేకుండా ఎంత డబ్బు పెట్టినా అర అడుగు దగ్గరే పడవ ఆగిపోతుంది.

మీ పలక వెడల్పు, మందం, మేకుల మధ్య దూరం కొలిచి పంపండి. పడవ ఎంతటిదో సుమారుగా చెప్పగలను.